ముందూ వెనకా షాకబ్జర్లు

మేడ్చల్,
ఆగస్టు 28, 2006

సిద్దయ్య అన్నయ్యగారికి,

నమస్కారం. పెళ్లి పందిరి ఇంకా పూర్తిగా విప్పనేలేదు, అప్పుడే వియ్యపురాలి దగ్గర్నుంచి ఉత్తరమేమిటని కంగారు పడకండి. మీ అమ్మాయి కులాసా. మా అబ్బాయి అంతకన్నా కులాసా. కులాసాగా లేనిది నేను.

ఫోన్ చేయొచ్చు కదా అంటారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం. పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల ఫోన్ల గోల వినేదాన్ని, ఇంటికొచ్చి మళ్లీ ఆ రిసీవరు చెవికి ఆనించుకోవడం నా వల్ల కాదు. పైగా ఫోన్లో మీరు మధ్యలో అడ్డం వస్తారు. ఉత్తరమైతే చివరిదాకా వినక తప్పదు.

విషయం అలక పాన్పు. పెళ్లికొడుకుని పట్టుదుప్పటి మంచం మీద కూచోబెట్టి, 'అలుగు నాయనా, నీక్కావలసింది మీ మామ తెచ్చిస్తాడు' అని రెచ్చగొట్టే ఆ తతంగం మీకూ తెలిసిందే. ముందు తలుపులోంచి రానివ్వని కట్నాన్ని వంటింటి కిటికీలోంచి దింపే ఉపాయం అది. మా సాయి అలాంటివాడు కాదు. కానీ మా ఆడపడుచులు మంచం పరిచేశారు. నాకు ఒళ్లు మండింది. వాణ్ని లేపి మీ రోజారాణిని కూచోబెట్టాను. "ఈ ఇంట్లో అలిగేది కోడలు, తీర్చేది అత్త. అడుగమ్మా" అన్నాను. మీ షామియానా కింద ఉన్న జనమంతా విన్నారు. మా యూనియన్ వాళ్లు చప్పట్లు కొట్టారు. లోపల్లోపల నేనూ కొట్టుకున్నాను.

ఓ చేతి గడియారం అడుగుతుందనుకున్నాను. మహా అయితే ఓ పుస్తకాల బీరువా. మీ అమ్మాయి తల కూడా వంచలేదు. "ముందు వెనక షాకబ్జర్లున్న గేర్ల సైకిల్ గావాలె అత్తయ్యా. గుట్టలెక్కేది" అంది. మైకు ముందున్నదాన్ని, "సరే" అనేశాను. ఇంటికొచ్చాక అదేమిటని సాయిని అడిగితే కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. తుర్కపల్లిలో మీ అమ్మాయి వాళ్ల ల్యాబులో పనిచేసే పిల్లలు ఆదివారాలు వెనకనున్న బండల మీద సైకిళ్లు తొక్కుతారట. డిసెంబరులో అందరూ కలిసి పెద్ద సవారీ పెట్టుకున్నారట. ఎవరిదో అరువు సైకిల్ మీద ఇన్నాళ్లూ తొక్కిందట. ఈసారి సొంతది కావాలి.

అన్నమాట అన్నమాటే. అయితే నా బడ్జెట్ ఎనిమిది వేలు. సాయి దగ్గర పైసా పుచ్చుకోను, మీ దగ్గర అసలే పుచ్చుకోను. అత్త మాట అత్త జీతంలోంచే తీరాలి. మీ పిల్లకి ఇలాంటి కొండల పిచ్చి ఉందని ఒక్క ముక్క ముందే చెప్పి ఉండకూడదా?

ఇట్లు,
లలితకుమారి

*

అలియాబాద్,
సెప్టెంబర్ 5

చెల్లెమ్మకు సిద్దయ్య నమస్తే.

మీ ఉత్తరం నిన్న ముట్టింది. మేడ్చల్ మాకు పక్కూరు లెక్క, ఉత్తరం మాత్రం దేశమంత తిరిగి వచ్చినట్టుంది. మీరు జెప్పింది నిజమే, అడ్డం వచ్చే సందు లేకుంట రాసిన్రు. మా దుర్గమ్మకు సదివి ఇనిపిస్తుంటె ఆమెనే నాలుగు మాట్ల అడ్డమొచ్చింది.

ముందుగాల చెప్పకపోతిరి అన్నరు. ఏమని చెప్పాలె? మా టెంటు హౌస్‌ల కుర్చీలు, వంట బగోనెల తోని కిరాయి సైకిళ్లు గూడ ఉండె. ఒక్కదాన్ని నిలవనిచ్చేది కాదు రోజా. షామీర్‌పేట చెరువు కట్ట మీదికెళ్లి చేతులిడిసి దిగుతుంటె చూసినోళ్లు వచ్చి నన్ను తిట్టిపోయేది. సదువుకున్నంక, నౌకరి వచ్చినంక మరిసిపోయింది అనుకున్న. పెండ్లిల మైకు ముంగట అడిగినప్పుడు మీకన్న ఎక్కువ పరేషాన్ అయ్యింది నేనే.

ఇంకొక ముచ్చట. మా బిడ్డ అలుకను తక్కువ అనుకోవద్దు. అరవది, ఏడవది. సాప ఏసుకొని కూసుంటది. తినే యాళ్లకు తింటది, పని జేసే యాళ్లకు చేస్తది, మల్ల వచ్చి కూసుంటది. ఇంటర్ల సైన్స్ గ్రూప్ వద్దన్నందుకు గట్లనే కూసున్నది. ఎవ్వరు దిగొచ్చిన్రో మీకు చెప్పనక్కర లేదు, ఇయ్యాల ఆమె ల్యాబ్‌ల ఉన్నది.

సగం పైసలు నేనేస్త అంటె మీరు ఊకోరు. గందుకే అంటలేను.

గని జల్దీ ఏం లేదు చెల్లెమ్మా. నిమ్మలంగ సూసి, నలుగురిని అడిగి కొనుండ్రి. గీ డిసెంబర్ కాకుంటె ఇంకో డిసెంబర్ వస్తది. బావకు నమస్తే చెప్పుండ్రి.

సిద్దయ్య

*

మేడ్చల్,
సెప్టెంబర్ 24

అన్నయ్యగారికి,

సికింద్రాబాద్‌లో కొట్లన్నీ తిరిగి వచ్చాను. కాళ్లు వాచాయి, జ్ఞానం పెరిగింది.

మొదటి కొట్లో అబ్బాయి నన్ను చూడగానే "లేడీస్‌కా మేడమ్? ముందు బుట్ట ఉన్నది చూపిస్తాను" అన్నాడు. "బుట్టలో ఏం పెట్టుకోవాలి, ఆత్మగౌరవమా?" అన్నాను. మగవాడి సైకిలుకి గేర్లు, ఆడదాని సైకిలుకి బుట్ట. వాడు తిరగడానికి తొక్కుతాడు, ఆమె కూరగాయలు మోయడానికి తొక్కుతుంది. ఈ దేశంలో ఇనుప గొట్టాలకు కూడా మనుధర్మం పట్టించారు. అదంతా వాడికి వివరంగా చెప్పాను. వాడు మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

ఇక అసలు సంగతి. కొన్ని సైకిళ్లకు స్ప్రింగు ముందు చక్రానికి మాత్రమే ఉంటుంది. వెనక చక్రాన్ని రాళ్ల పాలు చేస్తారు. ముందు కూచున్నవాళ్లకు మెత్తలు, వెనకవాళ్లకు గుంతలు అన్నమాట. సూత్రరీత్యా నాకు ఇది సమ్మతం కాదు. కొట్టు యజమాని "తక్కువ డబ్బులో అయితే అదే నయమమ్మా, తేలిగ్గా ఉంటుంది" అన్నాడు. నయమైనది వేరు, న్యాయమైనది వేరు అని చెప్పాను.

రెండు చోట్లా స్ప్రింగులున్నవి నా బడ్జెట్లో రెండు రకాలు. ఒకటి ఎత్తబోతే గ్యాస్ సిలిండరు. చీర కుచ్చిళ్లు దోపుకుని కొట్టు ముందే ఎక్కి తొక్కాను. తొక్కిన ప్రతిసారీ సీటు కిందికి దిగి పైకి లేస్తుంది. నా బలంలో సగం ఆ వెనక స్ప్రింగే మింగేస్తోంది. అచ్చం మా పెద్దాఫీసరే. ఎన్ని వినతిపత్రాలిచ్చినా తల ఊపుతాడు, ఫైలు ముందుకి కదలదు. రెండో రకంలో వెనక ఉన్నది స్ప్రింగు కాదు, స్ప్రింగు వేషం. ఒంటి బరువంతా వేసి నొక్కినా చలించదు. నిజమైనవి ఫారిన్‌వి ఉన్నాయి. వాటి ధరకి మోటారు సైకిలొస్తుంది.

ఇంత జటిలమైన విషయాన్ని ఒక్కదాన్నే తేల్చేయడం అప్రజాస్వామికం. అందుకని మా మహిళా విభాగంలో ఒక కమిటీ వేశాను. బాలాత్రిపురసుందరి కన్వీనరు. ఆవిడకి సైకిల్ తొక్కడం రాదు, కాబట్టి నిష్పాక్షికంగా ఉంటుంది.

లలితకుమారి

*

అలియాబాద్,
అక్టోబర్ 4

చెల్లెమ్మకు నమస్తే. దసర మంచిగ జరిగింది.

కమిటీ అని సదవంగనే మా దుర్గమ్మ ఏమన్నదో రాస్త, ఏమనుకోవద్దు. "వదిన పని ఆపాలనుకుంటె ఆపుతనని చెప్పొచ్చు గద, నలుగురు ఆడోళ్లకు చాయ్ ఖర్చెందుకు" అన్నది. నేను గట్ల అంటలేను.

నేను గూడ ఉత్తగ కూసోలే. షామియానా రాడ్లు అతికే బాలేష్ ఉన్నడు గద, ఆయనకు జెప్పి పాత స్కూటర్ షాకబ్జర్ తీపిచ్చి నా సైకిల్ ఎనుక చక్రానికి ఏపిచ్చిన. గిది అయితె మీ ఖర్చు గూడ తప్పుతది అనుకున్న. బాలేష్ అతికేటప్పుడే అన్నడు, "అన్నా, గిది స్కూటర్ బరువుకు చేసింది, నీ బరువుకు కాదు" అని. ఇంటినా? ఎక్కి కట్ట మీదికెళ్లి దిగిన. నడుమ రాయొచ్చింది. సైకిల్ ఒక దిక్కు, షాకబ్జర్ ఒక దిక్కు, నేను తుమ్మ చెట్ల. దుర్గమ్మ కండ్లద్దాలు పెట్టుకొని ముండ్లు తీసింది. తీసినంతసేపు సైకిల్‌ను తిట్టలే, నన్నే తిట్టింది.

గీ గుట్టల సవారీ ఎంత ప్రమాదమో రోజాకు జర సమజ్ చేసి చెప్పుండ్రి. నేను జెప్తె ఇనది. నా పేరు మాత్రం తియ్యకుండ్రి. తుమ్మ చెట్టు ముచ్చట గూడ చెప్పకుండ్రి.

సిద్దయ్య

*

మేడ్చల్,
అక్టోబర్ 16

అన్నయ్యగారికి,

మా ఇంట్లో సమ్మె జరుగుతోంది.

కమిటీ నివేదిక ఇచ్చింది. "మరింత అధ్యయనం అవసరం" అని తేల్చింది. రోజా దాన్ని శ్రద్ధగా చదివి "ఎప్పటిదాంక అత్తయ్యా?" అంది.  అందుకని కిందటి వారం ఒక సైకిల్ కొనుక్కొచ్చాను. మంచి కంపెనీది, నీలం రంగు, నున్నగా పోతుంది. కాలనీ నుంచి బస్టాండు దాకా, కూరల మార్కెట్టు దాకా హాయిగా తిరగొచ్చు. బుట్ట ఉంది. మీరు అడగకముందే నేనే చెప్పేస్తున్నాను. ఉంది.

రోజా దాని చుట్టూ ఒకసారి తిరిగింది. "మస్తుగుంది అత్తయ్యా. గని నేనడిగింది గిది కాదు గద" అంది. ఎంతో వినయంగా. తర్వాత లోపలికెళ్లి చాప తెచ్చి హాల్లో పరుచుకుని కూచుంది.

అప్పట్నుంచీ రోజూ ఇంతే. కంపెనీ క్యాబు దిగుతుంది, కాళ్లు కడుక్కుంటుంది, తన వంతు పనేదో చేసేస్తుంది, వచ్చి చాప మీద కూచుంటుంది. పేపరు చదువుకుంటుంది. నాతో నవ్వుతూనే మాట్లాడుతుంది. నినాదాలుండవు, దురుసుతనముండదు. పనికి ఆటంకం కలగకుండా, ప్రజల సానుభూతి పోకుండా నిరసన ఎలా తెలపాలో నేను రాసిన కరపత్రం ఒకటుంది. అందులో చెప్పినవన్నీ పాటిస్తోంది. సాయి ఇచ్చుంటాడు. వాడు కూడా 'సంఘీభావం' అంటూ పక్కనే కూచుంటున్నాడు. మా ఆయన రామయ్యగారు సాయంత్రాలు వంటింట్లో పకోడీలు వేసి చాప దగ్గరికే అందిస్తున్నారు. కాలనీ ఆడవాళ్లు పరామర్శకి వస్తున్నారు. పకోడీలు బాగుంటాయని మళ్లీ మళ్లీ వస్తున్నారు.

నిన్న ఓపిక చచ్చి, "నీ కోరిక న్యాయమైనదే. కానీ మా పరిమితులు కూడా అర్థం చేసుకోవాలి. ముందు ఈ నిరసన విరమించు, తర్వాత చర్చిద్దాం" అన్నాను. అనేశాక నాలిక కరుచుకున్నాను. మేం క్యాంటీన్ కోసం ఆఫీసు మెట్ల మీద కూచున్నప్పుడు ఆనాటి పెద్దాఫీసరు సరిగ్గా ఈ మూడు ముక్కలే, ఈ వరసలోనే అన్నాడు. ఆ రోజు మేమందరం గట్టిగా నవ్వాం.

నిన్న చాప మీద ఎవరూ నవ్వలేదు. అదే ఎక్కువ బాధ.

మీరైనా ఆ పిల్లకి చెప్పండి.

లలితకుమారి

*

అలియాబాద్,
అక్టోబర్ 24

చెల్లెమ్మకు,

షామియానా పంపాల్నా? పెండ్లికి, చావుకు, ధర్నాకు నా తాన ఒకటే షామియానా. గొడుగు ఎవ్వలదైన నీడ ఒకటే అంటడు మా నాయిన. కుర్చీలు గూడ పంపుత, పరామర్శకు వచ్చేటోళ్లు నిలబడుతున్నరేమో.

నగుతున్న అని కోపం చేస్కోకుండ్రి. ఉత్తరం సదివి నేను నవ్విన, దుర్గమ్మ నవ్వలే. "బుట్ట సైకిల్ మొదలు చూపిచ్చినోన్ని తిట్టింది ఈ వదిననే గద" అన్నది. నేనేమన్న అన్ననా? ఆమెనే అన్నది.

ఇగ ఒకటి అడుగుత. మీరు పెద్ద సదువుకున్నోళ్లు, వెయ్యి మందిని ముంగట కూసోబెట్టి మాట్లాడేటోళ్లు. నేను కుర్చీలు ఏసి తీసేటోన్ని. ఎవ్వలు ఎందుకు కూసున్నరో, ఎవ్వలు ఎందుకు లేస్తలేరో నాకు జర తెలుస్తది. మొదలు బరువన్నరు. తర్వాత స్ప్రింగన్నరు. పైసలన్నరు. కమిటీ అన్నరు. అన్ని నిజాలే. గని రేపు ఎవ్వరన్న ఫారిన్‌ది మంచి సైకిల్ తెచ్చి ఊకెనే మీ వాకిట్ల నిలబెట్టిన్రనుకోండ్రి, ముందు వెనక షాకబ్జర్లున్నది. పొమ్మంటరా రోజాను గుట్టకు?

గంతే అడుగుతున్న. జవాబు రాయకున్న మంచిదే.

సిద్దయ్య

*

మేడ్చల్,
అక్టోబర్ 30

అన్నయ్యగారికి,

పొమ్మనను.

రాసేశాను. తృప్తిగా ఉందా?

కాలనీ వాళ్లేమనుకుంటారోనని కాదు. కాలనీ అనుకోవడాలు నాకు కొత్త కాదు, నాకే వాళ్లు భయపడతారు. నా భయం వేరు. కొడుకు సైకిల్ మీంచి పడితే రాయిది తప్పు. కూతురు పడితే ఆమె దూకుడుది తప్పు. కోడలు పడితే మాత్రం ఎవరూ రాయి వైపు చూడరు. "అత్త ఏం చేసింది?" అంటారు. కోడలు చిక్కితే అత్త తిండి పెట్టలేదు, లావైతే అత్త కదలనివ్వలేదు. ఇవన్నీ ఒకప్పుడు నేను వేదికలెక్కి అన్నవే. కొన్ని చోట్ల నిజాలే, పోలీసు కేసులయిన నిజాలు. కానీ రేపు ఆ పిల్ల బండ మీంచి జారి చెయ్యి విరిగి ఆసుపత్రిలో పడుకుంటే, డాక్టరు మొదలు మీ దుర్గమ్మ వదిన దాకా ఒక్క ప్రశ్నే అడుగుతారు. ఆ ప్రశ్న నాకు ముందే వినిపిస్తోంది. ఎన్నో ఏళ్లు అత్తల మీద ఉపన్యాసాలు దంచాను. ఆ కుర్చీలో కూచున్నాక తెలిసింది, దానికి ముందూ స్ప్రింగు లేదు, వెనకా లేదు.

ఇది నా పిరికితనం. ఒప్పుకున్నాను. ఇప్పుడు మీ సంగతి.

బతుకమ్మ పండగ రోజుల్లో మీరు మా రామయ్యగారికి ఫోన్ చేసి, "బావా, జర డిసెంబర్ దాటనియ్యుండ్రి. తర్వాత కొన్నా కొనకున్నా ఫికర్ లేదు. చెల్లెమ్మకు జెప్పకుండ్రి" అన్నారట. నిన్న సాయంత్రం పకోడీలు అందిస్తూ ఆయన నోరు జారారు. నా ముందే కాదు, రోజా ముందు కూడా. నెమ్మదిగా నలుగుర్నీ అడిగి కొనమన్నారే, వచ్చే డిసెంబరు ఉందన్నారే, అందుకా? నన్ను యాజమాన్యాన్ని చేసి వెక్కిరిస్తూ కుర్చీలు పంపుతానంటారా? అన్నయ్యగారూ, మీరు కూచోవలసింది నా పక్క కుర్చీలోనే.

రోజా చాప తీసి, అలియాబాద్ వైపు తిప్పి పరుచుకుని కూచుంది.

లలితకుమారి

*

అలియాబాద్,
నవంబర్ 7

చెల్లెమ్మకు,

చేసిన. ఫోన్ చేసిన మాట నిజమే. కన్నోన్ని. చిన్నప్పుడు కట్ట మీదికెళ్లి దిగుతుంటె తిట్టనీకి నాకు నోరు ఉండె, ఇప్పుడు పెండ్లయి పోయిన బిడ్డకు చెప్పే నోరు లేదు. మీ నోటితోని చెప్పియ్యాలని చూసిన. తప్పా కాదా మీరే చెప్పుండ్రి. వద్దు, చెప్పకుండ్రి, శానా పెద్దగ చెప్తరు.

మొన్న ఆయితారం రోజా మా ఇంటికి వచ్చింది. చంకల సాప. సక్కగ టెంటు హౌస్ ముంగట, బోర్డు కింద పరుచుకొని కూసున్నది. నాగారం నుంచి లగ్గానికి సామాన్ మాట్లాడనీకి వచ్చినోళ్లు చూసి, "ఏంది సిద్దన్నా, ధర్నా సామాన్ కిరాయికిస్తవనుకున్నం, మనుషులను గూడ ఇస్తవా" అన్నరు. బ్యారం కుదరలే. దుర్గమ్మ బిడ్డ పక్కన ఒక పీట ఏసుకొని కూసున్నది. సైకిల్ కావాల్నని కాదంట, నా మీద కోపానికంట.

పొద్దుగూకినంక రోజా లేసి ఒక్క మాట అన్నది. "బాపూ, నువ్వు, అత్తయ్య, ఇద్దరు ఒక్కసారన్న గా బండ సూసిన్రా?"

చూడలే. మీరు చూసిన్రా? చూడకుండ భయపడుడు బంద్ జేద్దం చెల్లెమ్మా. చూసి భయపడుదం. వచ్చే ఆయితారం పొద్దుగాల తుర్కపల్లికి రండ్రి. బావను తోల్కరాకండ్రి, ఆయన కడుపుల మాట దాగదు.

సిద్దయ్య

*

మేడ్చల్,
నవంబర్ 14

అన్నయ్యగారికి,

మీరూ పక్కనే ఉన్నారు కదా, మళ్లీ రాయడమెందుకు అనుకోకండి. మీరు కళ్లు మూసుకున్నారు. నా చెయ్యి పట్టుకుని మరీ మూసుకున్నారు. అంచేత ఏం జరిగిందో మీకు తెలియదు.

రోజా ఎక్కింది తన స్నేహితురాలు హరిచందన సైకిలు. బండ పైన ఒక్క క్షణం ఆగింది. ముందు చక్రం అంచు దాటి దిగింది. ముందు గొట్టాలు లోపలికి వెళ్లి మళ్లీ వచ్చాయి, ఆమె భుజాలు అదరలేదు. వెనక చక్రం ఇంత రాయి మీదికెక్కింది. సీటు కదిలింది, ఆమె నడుం కదలలేదు. కొట్లో నేను తొక్కినదాంట్లో స్ప్రింగు మనిషి బలాన్ని తినేసేది. ఇది రాయి కుదుపుని తింటోంది. రెండింటినీ ఒకే పేరుతో ఎలా అమ్ముతున్నారో నాకు అర్థం కాలేదు. అయినా ఈ దేశంలో సంక్షేమం అనే మాటకి కూడా అదే గతి పట్టింది.

తర్వాత ఇసుకలో పడింది. అదీ మీరు చూడలేదు.  ఆమె లేచి, మోచెయ్యి దులుపుకుని, మన వైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు. సైకిల్ని నడిపించుకుంటూ మళ్లీ పైకి వెళ్లింది. అప్పుడు నాకు సిగ్గేసింది. రెండు నెలలుగా నేను అనుమతి ఇవ్వాలా వద్దా అని కొట్టుకుంటున్నాను. ఆ పిల్ల నన్ను అనుమతి ఎప్పుడడిగింది? సైకిల్ అడిగింది.

మీరు టీ తాగడానికి వెళ్లినప్పుడు హరిచందనతో మాట్లాడాను. తను బెంగళూరు బదిలీ అయి వెళుతోంది. ఆ సైకిలు అమ్మేస్తుందట. పాతదే. రంగు లేచిపోయింది, సీటు చిరిగింది. నా ఎనిమిది వేలకి పండగ బోనసు కూడా కలపాల్సి వచ్చింది. కొత్త డొల్ల కన్నా పాత గట్టిది మేలని నిర్ణయించాను. కమిటీని అడగలేదు. రద్దు చేశానని సుందరికి చెబితే, "పోనీ రద్దు సమావేశమైనా పెట్టవా, టిఫిను ఉంటుంది కదా" అంది.

నిన్న సాయంత్రం దాన్ని హాల్లోకి తెచ్చి చాప ముందు నిలబెట్టాను. హ్యాండిల్ పట్టుకుని, "అలక తీరిందామ్మా?" అని అడిగాను. రోజా లేచి మొదట వెనక స్ప్రింగుని అరచేత్తో నొక్కి చూసింది. తర్వాత ముందుది. అప్పుడు "తీరింది అత్తయ్యా" అంది. చాప చుట్టేసింది. రామయ్యగారు ఆ పూట పకోడీలు వేయలేదు. కాలనీ వాళ్లు వచ్చి నిరాశగా వెళ్లారు.

నీలం సైకిలు సుందరి తీసుకుంది. ఈ వయసులో నేర్చుకుంటుందట.

ఒప్పందంలో ఒకే షరతు పెట్టాను, హెల్మెట్. అది మీరు కొనాలి. యాజమాన్యంలో మీ వాటా ఉంది.

లలితకుమారి

*

అలియాబాద్,
నవంబర్ 23

చెల్లెమ్మకు,

హెల్మెట్ కొన్న. కొట్టోడు ఒకటి సూపిస్తె కింద ఏసి కాలితోని తొక్కి చూసిన. పలిగింది. పలిగిన దానికి గూడ పైసలు తీసుకున్నడు. రెండోది పలగలే, గదే తెచ్చిన.

రోజా ఆయితారం సైకిల్ మీదనే ఇంటికొచ్చింది. వాకిట్ల నిలబెట్టి నన్ను ఎక్కమన్నది. ఎక్కలే. తుమ్మ చెట్టు ముచ్చట ఎవ్వలో చెప్పినట్టున్నరు, నవ్వు ఆపుకుంటున్నది. మీరే గదా?

దుర్గమ్మ మాత్రం సైకిల్ దిక్కు చూడలే. నాతోని మాట్లాడుడు బంద్. మీ మీద గూడ కోపమున్నది, దాచిపెట్టి లాభం లేదు. "కొనిచ్చేటోళ్లు కొనిచ్చిన్రు. రేపు ఏమన్నయితె ఎవ్వలను అడగాలె?" అని గోడకు చెప్తున్నది.  మీరు చెప్పిన ప్రశ్న గిదే కద.

డిసెంబర్ పదో తారీఖు సవారీకి నేనొస్త. ఈసారి కండ్లు మూసుకోను. ఒక్క కన్నన్న తెరుస్త.

సిద్దయ్య

*

మేడ్చల్,
డిసెంబర్ 15

అన్నయ్యగారికి,

జరిగింది మీరు చూశారు, రెండు కళ్లూ తెరిచే చూశారు. ఆసుపత్రిలో ఏం జరిగిందో మాత్రం మీకు తెలియదు. దుర్గమ్మ వదినని తీసుకురావడానికి వెళ్లిపోయారు కదా. అందుకే రాస్తున్నాను.

పడిన సంగతి మళ్లీ అనక తప్పదు, నా కడుపు మండిపోతోంది. బండలన్నీ దిగింది. రాళ్లన్నీ దాటింది. చెరువు పక్క బురద కూడా దాటింది. సవారీ అంతా అయిపోయాక, చదునైన మట్టిరోడ్డు మీద, అందరికీ చెయ్యి ఊపుతూ పడింది. చదునైన నేల మీద చెయ్యి ఊపేవాళ్లని కాపాడే షాకబ్జరు ఏ దేశంలోనూ లేదట, సాయి చెప్పాడు.

ఎడమ మణికట్టు. కట్టు కడుతూ డాక్టరుగారు అడిగారు. కొత్త పెళ్లికూతురని మెడలో పసుపుతాడు చూసి తెలుసుకున్నట్టున్నారు. "ఇలాంటి సైకిల్ ఎవరమ్మా కొనిచ్చింది?" అన్నారు రోజాని. నేను అన్ని నెలలుగా ఏ ప్రశ్నకి భయపడుతున్నానో అదే ప్రశ్న. ఆ గొంతే. రోజా నోరు తెరిచేలోపు నేనే అన్నాను, "నేను. అత్తగారిని."

ఆయన నా వైపు చూశారు. నేనూ ఆయన వైపు చూశాను. ఆయనే ముందు కళ్లు దించుకున్నారు.

తర్వాత వరస కట్టింది జనం. మా పెద్దాడపడుచు వచ్చి "ఎవరే కొనిచ్చింది?" అంది. "నేనే" అన్నాను. కాలనీ సెక్రటరీ భార్య వచ్చి "పాపం, ఎవరు కొనిచ్చారండీ?" అంది. "నేనే" అన్నాను. రెండోసారికి అలవాటయింది. మూడోసారికి వాళ్లు అడక్కముందే చెప్పాను. నిన్న పాలవాడు వచ్చి కట్టు వైపు చూశాడంతే, "నేనే కొనిచ్చాను" అన్నాను. వాడు పాలు పోసి గబగబా వెళ్లిపోయాడు. రోజా కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కడుపు పట్టుకు నవ్వింది. రామయ్యగారైతే, "ఇక ఊరుకో, ఆ మాట మన గుమ్మం మీద రాయిస్తాను" అన్నారు.

ఫిబ్రవరిలో కీసర గుట్ట వైపు ఇంకో సవారీ ఉందట. కట్టు అప్పటికి విప్పేస్తారు. హ్యాండిల్ కొంచెం వంగింది, అది సరిచేయించమని రోజా నాకు పురమాయించింది. రేపు తీసుకెళతాను.

అందరూ అడిగారు అన్నయ్యగారూ. దుర్గమ్మ వదిన ఒక్కతే ఇంకా అడగలేదు. ఆ రోజు వచ్చి కూతురి తల నిమిరి, నా వైపు తిరిగి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఆవిణ్ణి అడగమనండి. హ్యాండిల్ పని అయ్యాక, పై ఆదివారం నేనే అలియాబాద్ వస్తున్నాను, నా ముఖం మీదే అడగమనండి.

లలితకుమారి